డైపరు తడిసిందో లేదో చేతితోనే తెలుసుకోవడం

పసిబిడ్డకు పాలు సరిపోతున్నాయో లేదో తెలియాలంటే రోజుకు ఎన్ని డైపర్లు తడిశాయో లెక్కపెట్టమంటారు గానీ, ఇప్పటి డైపర్లు తడిని లోపలికి పీల్చుకొని పైకి పొడిగానే కనిపించడం వల్ల, మొదటి వారంలో అర్ధరాత్రి మసక వెలుతురులో ఆ లెక్క నాకు ఒక పట్టాన తేలేది కాదు.

మీరు వాడే రకానిదే కొత్త డైపరు ఒకటి విప్పి, 15 మిల్లీలీటర్లు పట్టే చెంచాతో మూడు చెంచాల నీళ్లు మధ్యభాగంలో నెమ్మదిగా పోసి, రెండు నిమిషాలాగి ఒక చేత్తోనూ, పొడి డైపరును రెండో చేత్తోనూ పట్టుకొని చూడండి. తడిసినది కిందికి వేలాడుతూ, నొక్కితే లోపల మెత్తగా, ముద్దగా తగులుతుంది. ఆ బరువు చేతికి అలవాటైతే దీపం వేయనక్కర లేదు. ఒక డైపరు వృథా అవుతుంది, అంతే.

అయితే ముర్రుపాలు తాగే మొదటి రెండు మూడు రోజుల్లో మూత్రం కొద్దిగానే వస్తుంది కాబట్టి ఈ కొలత అప్పుడు పనికిరాదు. విరేచనం కలిసినప్పుడు కూడా బరువును నమ్మలేము. అయిదో రోజు తరువాత 24 గంటల్లో తడిసినవి ఆరు కంటే తగ్గినా, మూత్రం ముదురు రంగులో ఉన్నా, ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించాలి.