సిరా, కుంచె – 5వ పాఠం: బోధిధర్ముడి వస్త్రం

పోయిన పాఠంలో ఒకే కుంచెతో లేత సిరా, ముదురు సిరా వేయడం సాధన చేశాం. ఈసారి ముదురు సిరాతో వస్త్రం గీద్దాం. దీనికి మన గురువు కిమ్ మ్యోంగ్‌గుక్, 17వ శతాబ్దపు కొరియా ఆస్థాన చిత్రకారుడు.

1636లో కొరియా రాజు జపాన్‌కు పంపిన రాయబార బృందంలో ఆయన వెళ్లాడు. నాలుగు వందల మందికి పైగా బూసాన్‌లో ఓడలెక్కి, సుషిమా ద్వీపం మీదుగా ఒసాకా చేరి, అక్కణ్నుంచి క్యోటో దాటి ఎదోకి, అంటే ఇప్పటి టోక్యోకి వెళ్లారు. చిత్రకారుడికి మాత్రం ఊపిరాడలేదు. రాతలు, బొమ్మలు కావాలంటూ జనం రాత్రీ పగలూ ఎగబడితే మ్యోంగ్‌గుక్‌కు ఏడుపొచ్చినంత పనైందని ఉప రాయబారి కిమ్ సెర్యోమ్ దినచర్యలో రాసుకున్నాడు. అయినా 1643లో ఆయన మళ్లీ వెళ్లాడు.

జపాన్‌లో జెన్ బౌద్ధుల, అంటే ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధ శాఖ వాళ్ల బొమ్మలంటే జనానికి చాలా ఇష్టం. అందులోనూ బోధిధర్ముడు. మన దక్షిణ దేశం నుంచి చైనా వెళ్లి ధ్యానం నేర్పాడని వాళ్లు కొలిచే భిక్షువు. మ్యోంగ్‌గుక్ గీసిన బోధిధర్ముడు ఇప్పుడు సియోల్‌లో, కొరియా జాతీయ మ్యూజియంలో ఉన్నాడు. ఆ బొమ్మను ఫోన్‌లో తెరిచి, పెద్దది చేసి పక్కన పెట్టుకోండి.

ముందు ముఖం చూడండి. పెద్ద కళ్లు, పెద్ద ముక్కు, గడ్డం, అన్నీ కాస్త లేత సిరాతో, సన్నటి గీతలతో ఉన్నాయి. ఇప్పుడు తల మీదుగా కప్పుకున్న వస్త్రం చూడండి. లావుగా, నల్లగా, కొన్నే గీతలు. చేతులైతే గీయనే లేదు, అవి వస్త్రం లోపలున్నాయి. అయినా ఛాతీ దగ్గర చేతులు కట్టుకున్నాడని తెలిసిపోతోంది. నాకు ఈ బొమ్మలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

ఇక మన పని. పాత న్యూస్‌పేపర్లు చాలు. లావుపాటి గుండ్రని కుంచెను నీళ్లలో తడిపి, గుడ్డకు అద్ది, ముదురు సిరాలో సగం దాకా ముంచండి. కుంచె నిలువుగా పట్టుకోండి. మణికట్టు బల్లకు ఆనకూడదు, కదలాల్సింది భుజం.

మొదటి గీత నడినెత్తి నుంచి వీపు దాకా. మొదట్లో కుంచెను గట్టిగా నొక్కి, ఒక్క క్షణం ఆపి, లాగండి. భుజం మలుపు దగ్గర మళ్లీ నొక్కి, కిందికి వచ్చేకొద్దీ తేలిక చేస్తూ పైకి ఎత్తేయండి. రెండోది గడ్డం కింద నుంచి ఛాతీ మీదకి. మూడోది, నాలుగోది చేతుల దగ్గర మడతలు. అక్కడ గీతలు ఒకదానికొకటి తగలక్కర్లేదు, మధ్యలో వదిలిన ఖాళీ కాగితమే మోచేయి అవుతుంది.

గీత వంకర పోతే దిద్దకండి. సిరా గీత మీద మళ్లీ గీస్తే అది మచ్చ అవుతుంది తప్ప గీత అవ్వదు. కాగితం మార్చి మొదటి నుంచి వేయండి. నెమ్మదిగా వేస్తే సిరా పాకిపోతుంది, మరీ వేగంగా లాగితే గీత మధ్యలో తెల్ల చారలు వస్తాయి. మ్యోంగ్‌గుక్ బొమ్మలో కొన్ని చోట్ల ఆ చారలున్నాయి, అవి అందమే. కాబట్టి చార వచ్చిందని టెన్షన్ పడకండి.

వారమంతా వస్త్రం ఒక్కటే గీయండి, ముఖం జోలికి పోవద్దు. ముఖం లేకుండానే లోపల మనిషి ఉన్నాడని ఇంట్లో ఎవరైనా గుర్తుపట్టిన కాగితాలు దాచి పెట్టండి. 6వ పాఠంలో కళ్లూ గడ్డం వాటి మీదే వేస్తాం. కుంచె మాత్రం సిరా ఆరకముందే కడిగేయండి.