విండోస్ హోమ్ చాలా, ప్రో కావాలా?

కొత్త ల్యాప్‌టాప్ కొన్న మా బంధువులు, ఆఫీసువాళ్లు నన్ను ముందుగా అడిగేది ఇదే. అప్పుడు నేను, ఇప్పుడు అందులో ఏముందో చూడమంటాను. సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లో అన్నిటికన్నా కింద ఉండే అబౌట్ నొక్కండి. అక్కడ ఎడిషన్, వర్షన్ అని రెండు వరుసలు ఉంటాయి. విండోస్ 11 హోమ్ అనేది ఎడిషన్. 24హెచ్2 లాంటిది వర్షన్, అంటే 2024 రెండో సగంలో వచ్చిన అప్‌డేట్. వర్షన్ ఉచితంగానే మారుతుంది. డబ్బు అడిగేది ఎడిషన్ మార్పుకే.

ప్రో వేస్తే కంప్యూటర్ వేగం పెరగదు. బ్రౌజింగ్, ఆటలు, లెక్కలు, వీడియో కాల్స్ అన్నీ రెండింటిలోనూ ఒకేలా నడుస్తాయి. హోమ్ 128 జీబీ ర్యామ్ దాకా తీసుకుంటుంది, ఇంట్లో వాడుకునేవాళ్లకు అది చాలా ఎక్కువ. ఆఫీసు డొమైన్‌లో (కంపెనీ తన కంప్యూటర్లన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే నెట్‌వర్క్‌లో) చేర్చాలన్నా, గ్రూప్ పాలసీ (విండోస్ సెట్టింగ్స్‌ను నిబంధనలుగా పెట్టే సాధనం), హైపర్-వి (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాధనం) వాడాలన్నా ప్రో ఉండాలి. రిమోట్ డెస్క్‌టాప్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌ను మన తెర మీంచి వాడటం) విషయంలో చాలామంది పొరబడతారు. హోమ్ నుంచి ఆఫీసు మెషీన్‌లోకి వెళ్లొచ్చు. బయటినుంచి మీ మెషీన్‌లోకి రావాలంటేనే ప్రో.

డిస్కులోని ఫైళ్లను ఇతరులు చదవలేకుండా తాళం వేసే బిట్‌లాకర్ కోసమే ప్రో కొంటున్నారా? కాస్త ఆగండి. హోమ్‌లోనూ అలాంటి తాళమే, డివైస్ ఎన్‌క్రిప్షన్ అనేది, ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది దానంతటదే ఆన్ అవుతుంది. మదర్‌బోర్డు మార్చినప్పుడో, ఒక్కోసారి బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయినప్పుడో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే డిస్కులోని ఫొటోలు, ఫైళ్లు ఇక చూడలేం. అందుకని, దయచేసి ఈ రోజే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ ఎడిషన్ కొనాలనే దానికన్నా నాకు ఇదే ముఖ్యం.

ఎడిషన్ దగ్గర హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అని ఉంటే విండోస్ మెనూల భాష మార్చుకోలేరు. టైపింగ్‌కు మాత్రం వేరే భాష కీబోర్డు పెట్టుకోవచ్చు. ఎస్ మోడ్ అని ఉంటే స్టోర్‌లోని యాప్‌లే ఎక్కుతాయి. దాంట్లోంచి బయటికి రావడం ఉచితం, కానీ మళ్లీ వెనక్కి వెళ్లలేరు.

ఇక ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్. వర్డ్, ఎక్సెల్ ఐకాన్లు కనిపించినంత మాత్రాన అవి మీవైపోయినట్టు కాదు. వర్డ్ తెరిచి ఫైల్ మెనూలో అకౌంట్ చూడండి. సబ్‌స్క్రిప్షన్ అని ఉంటే గడువు తీరాక ఫైళ్లు తెరిచి చూడగలరు గానీ మార్చలేరు. అంత ఖర్చు వద్దనుకుంటే లిబ్రెఆఫీస్ ఉచితం, మామూలు ఉత్తరాలకూ లెక్కలకూ నేను దాన్నే పెట్టిస్తాను. ట్రయల్ యాంటీవైరస్ గడువు ముగిశాక రెన్యూ చేయమని బెదిరింపులాంటి మెసేజ్‌లు పంపుతుంది, టెన్షన్ పడకండి. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్‌లోనే ఉన్న డిఫెండర్ పని అందుకుంటుంది.

ఇదంతా చూశాక కూడా ప్రో అవసరమే అనిపిస్తే, ఫార్మాట్ చేయాలని ఎవరన్నా ఒప్పుకోకండి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌కి వెళ్లి ప్రో ప్రొడక్ట్ కీ (కొన్నప్పుడు ఇచ్చే కోడ్) ఇస్తే చాలు, ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రో నుంచి హోమ్‌కి దిగాలంటే మాత్రం విండోస్‌ను మొదటినుంచి ఎక్కించాల్సిందే.