రంగు ఊడుతోందా? ముందు గోడకు చెయ్యి ఆనించి చూడండి

పొద్దున్న ఎనిమిదిన్నరకు పనికి చేరగానే నేను డబ్బా మూత తీయను. ముందు అరచేయి గోడకు ఆనిస్తాను. చల్లగా, చెమ్మగా తగిలితే ఆ గోడకు ఆ పూట రంగు వేయను. విశాఖలో రంగు పాడైందని నన్ను పిలిచిన ఇళ్లలో చాలావరకు తప్పు రంగుది కాదు, తడీ ఉప్పూ చూసుకోకుండా వేయడమే. ఇంటివాళ్లకూ, పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

సమస్య: బయటి గోడ మచ్చలు మచ్చలుగా ఆరింది.

కారణం: మంచు. సంక్రాంతి లోపు పని అయిపోవాలని అందరికీ టెన్షన్, దాంతో తెల్లారగానే మొదలుపెట్టేస్తారు.

పరిష్కారం: పది దాకా లోపల లప్పం (గోడ నునుపు కోసం పూసే పుట్టీ) రుద్దే పని పెట్టుకోండి. తర్వాత నీడలో ఉన్న పడమటి గోడ, మధ్యాహ్నం తూర్పు గోడ. ఎండ నేరుగా పడే గోడకు వేస్తే రోలర్ అతుకులు కనబడతాయి.

సమస్య: గోడ అడుగున రంగు ఉబ్బి పెచ్చులుగా రాలుతోంది.

లాసన్స్ బే కాలనీలో ఒక ఇల్లు. గీకే పట్టీ అంచు పెట్టగానే రంగు అప్పడంలా లేచి చేతిలోకి వచ్చింది. దాని వెనక వేలికి అంటుకునే తెల్లటి పొడి. పాపం, వాళ్లు రెండేళ్లలో రెండుసార్లు రంగు వేయించారు.

కారణం: చవుడు. గోడ అవతల బాత్రూమ్ పైపు కారుతోంది. ఆ నీళ్లు ఇటుకలోని, సిమెంటులోని లవణాలను కరిగించుకుని పైకి వస్తాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలి రంగును తోసేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వాన గోడల్లోకి దిగాక, పూర్తిగా ఆరకముందే రంగు వేయించిన ఇళ్లలో కూడా ఇదే చూశాను.

పరిష్కారం: అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు చెమట పడితే తడి గోడలోంచే వస్తోంది. బయటివైపు పడితే అది గాలిలో తేమ. గోడలో తడి ఉంటే ముందు లీకు ఆపించండి. ప్లాస్టరు దాకా గీకి, ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గోడ పూర్తిగా ఆరాకే ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత. వారాలు పట్టినా సరే, ఆగమనే చెబుతాను. పైన లప్పం పెట్టి మూసేస్తే కొన్ని నెలలే దాగుతుంది.

బీచ్ వైపు గోడల మీద సముద్రపు గాలి తెచ్చి పూసే ఉప్పు సంగతి వేరు. అది పైపైన ఉండేది కాబట్టి మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి రంగు వేయవచ్చు.

సమస్య: కొత్తగా రంగు వేసిన కిటికీ గ్రిల్ మళ్లీ తుప్పు పట్టింది.

కారణం: సాయంత్రం రుద్ది, ప్రైమర్ మర్నాటికి వాయిదా వేయడం. సముద్రం దగ్గర రాత్రికి రాత్రే ఇనుము మీద ఎర్రటి పొర వస్తుంది.

పరిష్కారం: ఎంత రుద్దగలరో అంతే రుద్దండి, అదే పూట రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసేయండి. వెల్డింగ్ అతుకుల్లోకి సన్న బ్రష్ వెళ్లాలి.

సమస్య: పోర్టు వైపు, జ్ఞానాపురం లాంటి చోట్ల గోడలు త్వరగా నల్లబడుతున్నాయి.

గాలిలో వచ్చే బొగ్గు దుమ్ము అది. గరుకు రంగులు దాన్ని పట్టేసుకుంటాయి. కడగడానికి వీలైన, మెరుపున్న రంగు ఎంచుకోండి.

సమస్య: సాయంత్రానికి గొంతు మంట, దగ్గు.

కారణం: ఉప్పు కాగితంతో లప్పం రుద్దినప్పుడు లేచే పొడి. నాకు పని నేర్పిన మేస్త్రి ముఖానికి గుడ్డ కూడా కట్టుకునేవారు కాదు. ఇప్పుడు ఒక అంతస్తు మెట్లెక్కడానికి మూడుచోట్ల ఆగుతున్నారు.

పరిష్కారం: మంచి మాస్కు, తెరిచిన కిటికీలు. ఊడ్చే ముందు నేల మీద నీళ్లు చల్లండి. ఇంటివాళ్లు మాస్కుల ఖర్చు కూడా పని లెక్కలో కలిపి ఇవ్వండి.