జావాలో పూర్ణాంకాల భాగహారం: కాస్టింగ్ ఎక్కడ చేయాలి?

జావా ప్రోగ్రామింగ్ భాషలో 7 / 2 అని రాస్తే 3 వస్తుంది. రెండు వైపులా ఇంట్ (పూర్ణాంకాల) రకపు విలువలే ఉన్నప్పుడు ఫలితం కూడా ఇంట్‌గానే ఉంటుంది. దశాంశ బిందువు తర్వాతి భాగాన్ని జావా సవరించదు, పూర్తిగా వదిలేస్తుంది. ఈ కత్తిరింపు ఎప్పుడూ సున్నా వైపుకే జరుగుతుంది కాబట్టి -7 / 2 విలువ -3 అవుతుంది. -4 కావాలనుకుంటే మ్యాథ్.ఫ్లోర్‌డివ్ వాడాలి.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఫలితాన్ని చరరాశిలో ఉంచే చోట. డబుల్ అనేది దశాంశ సంఖ్యల రకం; "డబుల్ సగటు = 7 / 2;" అని రాసి 3.5 కోసం చూస్తే 3.0 కనిపిస్తుంది. సమానం గుర్తుకు ఎడమవైపున ఏ రకం ఉన్నా భాగహారంపై దాని ప్రభావం ఉండదు. కుడివైపు లెక్క ఇంట్‌లోనే ముగిసి, వచ్చిన 3 మాత్రమే ఆ తర్వాత డబుల్‌గా మారుతుంది.

అందువల్ల రకాన్ని మార్చడం, అంటే కాస్టింగ్, భాగహారానికి ముందే జరగాలి. మొత్తం, సంఖ్య అనే రెండు ఇంట్ చరరాశులుంటే "(డబుల్) మొత్తం / సంఖ్య" అని రాయండి. కాస్టింగ్‌కు భాగహారం కన్నా ప్రాధాన్యం ఎక్కువ కనుక ముందు "మొత్తం" విలువ డబుల్ రకానికి మారుతుంది, దానికి తగినట్టు సంఖ్యను జావా తానే మార్చుకుంటుంది. "(డబుల్) (మొత్తం / సంఖ్య)" అని రాస్తే మాత్రం నష్టం జరిగిపోయాక మార్చినట్టే. శాతం లెక్కల్లోనూ ఇదే చిక్కు వస్తుంది: 45 / 50 * 100 రాస్తే 0, 100 * 45 / 50 రాస్తే 90. క్రమం మార్చడం ఇక్కడ పనిచేసినా, శేషం మిగిలే లెక్కల్లో దశాంశాలు ఎలాగూ పోతాయి కాబట్టి 100.0తో గుణించడమే మంచి పద్ధతి అని నా అభిప్రాయం.

పెద్ద రకం నుంచి చిన్న రకానికి మార్చేటప్పుడు కాస్టింగ్‌ను మనమే రాయాలి, ఫలితానికి బాధ్యత కూడా మనదే. (ఇంట్) 3.99 విలువ 3. దగ్గరి పూర్ణాంకం కావాలంటే మ్యాథ్.రౌండ్ ఉంది, అయితే డబుల్ ఇస్తే అది లాంగ్ (ఇంట్ కన్నా పెద్ద పూర్ణాంకాల) రకపు విలువను తిరిగి ఇస్తుంది. బైట్ అనే చిన్న పూర్ణాంక రకంలో -128 నుంచి 127 వరకే పడతాయి, కాబట్టి (బైట్) 130 అంటే కింది 8 బిట్లు మాత్రమే మిగిలి -126 వస్తుంది. ఏ హెచ్చరికా రాదు.

సున్నాతో భాగించినప్పుడూ రకాన్ని బట్టే ఫలితం మారుతుంది. ఇంట్ విలువలతో 7 / 0 అయితే నడుస్తున్న ప్రోగ్రామ్‌లో అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్ అనే లోపం వస్తుంది, 7.0 / 0 అయితే ఏ ఎక్సెప్షనూ రాకుండా ఇన్ఫినిటీ (అనంతం) అనే విలువ వచ్చి తర్వాతి లెక్కల్లోకి పాకుతుంది. సగటు కోసం డబుల్‌కు మార్చేవారు, సంఖ్య సున్నా కాదని ముందుగా పరీక్షించే షరతును తప్పకుండా రాయాలి.