క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు తిండి సంగతి చూసుకోండి

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఇంట్లో అందరి ధ్యాసా డబ్బు, రక్తం, ఆస్పత్రిలో తోడు ఎవరుంటారు అన్నవాటి మీదకే పోతుంది. మనిషి ఎంత చిక్కిపోయాడో ఎవరూ లెక్క వేయరు. ముందు వేయాల్సిన లెక్క అదే. ఆరు నెలల కిందట బరువెంత, ఇప్పుడెంత? పదోవంతుకు మించి తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 54 కంటే కిందికి దిగితే, ప్రమాదం ఉన్నట్టే. పాత బరువు తెలియకపోతే బట్టలు వదులయ్యాయనో, గాజులు జారిపోతున్నాయనో చెప్పండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. లావుగా ఉన్నవాళ్ల దగ్గర మోసపోకండి. కొవ్వు అలాగే ఉండి కండ కరిగిపోవచ్చు.

ఇది కొత్త సంగతి కాదు. 1936లోనే అమెరికా సర్జన్ హైరమ్ స్టడ్లీ కడుపులో పుండ్లకు ఆపరేషన్ అయినవాళ్ల వివరాలు పరిశీలించారు. ముందే అయిదోవంతుకు మించి బరువు తగ్గినవాళ్లలో మూడోవంతు మంది చనిపోయారు. అంతగా తగ్గనివాళ్లలో 3.5 శాతమే. సర్జరీ అప్పటినుంచి ఎంతో మారింది, శరీరం అవసరాలు మారలేదు. కోత మానాలన్నా, ఇన్ఫెక్షన్‌ను తట్టుకోవాలన్నా ప్రొటీన్ ఉండాలి. గట్టిగా దగ్గి కఫం తీయడానికి కండబలం కావాలి, లేకపోతే నిమోనియా వస్తుంది. పేగుల ఆపరేషన్లో కలిపి కుట్టిన చోట లీకయితే మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు.

మన ఇళ్లలో పెద్ద చిక్కు పథ్యం. గుడ్డు వేడి, మాంసం అరగదు, పెరుగు చీము పట్టిస్తుంది అని ఒక్కొక్కటీ మానిపించి చివరికి చారన్నం, జావ మీద ఉంచుతారు. ప్రేమతోనే చేస్తారు, కానీ మనిషి ఎండిపోతాడు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల వాళ్లకు 60 నుంచి 75 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే, గ్లాసు పాలలో 8. కాబట్టి గుడ్లు, పాలు, పెరుగు, ముద్దపప్పు, చేప, చికెన్ కొంచెం కొంచెంగా ఆరేడుసార్లు పెట్టండి. కిడ్నీ జబ్బు, షుగర్ ఉంటే మోతాదు డైటీషియన్‌నే అడగాలి.

మింగుడు పడకపోతే బలవంతం చేయొద్దు. ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తారు, అదంటే భయపడకండి. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి మాత్రం ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండెకు ముప్పు రావొచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే పెంచాలి.

రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తగ్గిందనగానే దాని ఇంజెక్షన్ పెట్టమని అడుగుతారు. రిపోర్టులో అంకె పెరుగుతుందేమో కానీ పోయిన కండ దానితో రాదు.

బాగా నీరసించినవాళ్లకు 7 నుంచి 14 రోజులు పోషణ ఇచ్చాకే పెద్ద ఆపరేషన్ చేయమని యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి, క్యాన్సర్ అయినా సరే. సర్జన్ అలా వాయిదా వేస్తే టెన్షన్ పడకండి. ఆ రోజులూ చికిత్సలో భాగమే.

ముందురోజు సాయంత్రం నుంచే కడుపు మాడ్చనక్కర్లేదు. మామూలుగా మత్తుకు 6 గంటల ముందు వరకు తేలికపాటి తిండి, 2 గంటల ముందు వరకు మంచినీళ్లు తీసుకోవచ్చు. పేగుల్లో అడ్డంకి ఉన్నా, మింగడం కష్టమైనా ఈ లెక్క వర్తించదు, మత్తు డాక్టరు చెప్పిందే పాటించాలి. ఆ రోజు ఆపరేషన్ వాయిదా పడితే మాత్రం నర్సును అడిగి వెంటనే తినిపించండి.