పాత మెక్సికన్ సినిమాలు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

తిరుపతిలో తెలుగు, తమిళం కలిపి చూస్తూ పెరిగిన మనకి పరాయి భాష సినిమా అంటే భయమేం ఉండదు. అయినా పాత మెక్సికన్ సినిమాలకి ఒక వరస పాటిస్తే మంచిది.

చాలామంది స్పెయిన్ నుంచి వచ్చి మెక్సికోలో సినిమాలు తీసిన డైరెక్టర్ బున్యుయెల్ నుంచి మొదలుపెట్టమంటారు, నేనైతే వద్దంటాను. ముందు 1936లో వచ్చిన 'అల్లా ఎన్ ఎల్ రాంచో గ్రాందే' చూడండి. పల్లెటూరు, గుర్రాలు, ఇద్దరు స్నేహితుల మధ్య ఒకమ్మాయి, కోపమొచ్చినా పాటలోనే తిట్టుకోవడం, మన చిత్తూరు నాగయ్య గారి కాలంలోలాగే హీరోనే పాడుకోవడం, ఇవన్నీ మనకి తెలిసిన వ్యవహారమే. డైరెక్టర్ ఫెర్నాందో దె ఫ్వెంతెస్ అదే ఏడాది మెక్సికో విప్లవ నాయకుడు పాంచో విల్లా సైన్యం మీద ప్రభుత్వ సాయంతో భారీ ఖర్చు పెట్టి ఇంకో సినిమా కూడా విడుదల చేశాడు. నా లెక్కలో గొప్పది అదే, కానీ అది ఆడలేదు, పాటల సినిమా దుమ్ము దులిపింది, దాంతో అందరూ ఆ దారే పట్టారు.

తర్వాత 'మరియా కాందెలారియా'. 1946లో ఫ్రాన్స్‌లోని కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి పదకొండు సినిమాలకి పంచారు, అందులో ఇదొకటి, మన చేతన్ ఆనంద్ 'నీచా నగర్' ఇంకొకటి. వీలైతే రెండూ ఒకే వారం చూడండి. ఇక్కడే ఒక సంగతి తెలిస్తే బాగుంటుంది: యుద్ధకాలంలో అమెరికా, తటస్థంగా ఉన్న అర్జెంటీనాకి ముడి ఫిల్మ్ సరఫరా బిగించేసి, 1942లో తమ పక్షాన యుద్ధంలోకి దిగిన మెక్సికోకి ఇచ్చింది. స్పానిష్ భాషా సినిమాల మార్కెట్ మెక్సికో చేతికి రావడానికి టాలెంట్ ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ఇప్పుడు బున్యుయెల్, 'లోస్ ఓల్విదాదోస్', 1950. దేశం పరువు తీశాడని గోల చేసి కొద్దిరోజుల్లోనే థియేటర్ల నుంచి తీసేశారు, మరుసటి ఏడాది కాన్స్‌లో ఉత్తమ దర్శకుడని బహుమతి వచ్చాక మళ్లీ ఆడించారు. సెన్సార్ భయంతో తీసి పక్కనపెట్టిన సుఖాంతం ఒకటుంది, దశాబ్దాల తర్వాత బయటపడింది. అసలు సినిమా అయ్యేదాకా దాని జోలికి పోవద్దు.

వెతికేటప్పుడు స్పానిష్ పేరు, ఏడాది కలిపి కొట్టండి, ఇంగ్లిష్ పేర్లు దేశానికొకటి ఉంటాయి. ప్రింటు అరిగిపోయి ఉంటే వదిలేయకండి, 1982లో మెక్సికో సిటీ ఫిల్మ్ ఆర్కైవ్ తగలబడి వేల ప్రింట్లు పోయాయి, కొన్నిటికి దొరికిందే మహాభాగ్యం.

బుర్ర వేడెక్కితే మాస్కు తీయని కుస్తీ వీరుడు ఎల్ సాంతో ఉన్నాడు, రక్తపిశాచాలతో కూడా కుస్తీ పడతాడు. విఠలాచార్య అభిమానులైతే మొదట ఇతన్నే చూసినా నేనేమీ అనను.