ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8లో పాతకాలపు రేసింగ్ క్యామ్‌షాఫ్ట్‌ను పరీక్షించి అమర్చడం ఎలా?

ఫోర్డ్ కంపెనీ 1932లో తెచ్చిన ఫ్లాట్‌హెడ్ వి8 ఇంజను అమెరికాలో 1953 వరకు కార్లలో వచ్చింది. మొదట 221 ఘనపు అంగుళాల సామర్థ్యంతో 65 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ ఇంజను, తరువాత 239 ఘనపు అంగుళాలకూ, 1949 మెర్క్యురీలో 255 ఘనపు అంగుళాలకూ పెరిగింది. చవకగా దొరికే ఈ ఇంజనును దక్షిణ కాలిఫోర్నియా కుర్రకారు విప్పి, మార్చి, మురోక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మీద పరుగులు తీయించారు. ఆ పరుగుకు ప్రాణం పోసిన భాగాలలో మొదటిది రేసింగ్ క్యామ్‌షాఫ్ట్, అంటే ఇంజను వాల్వులను తెరిచి మూసే ఉబ్బులున్న ఇరుసు. ఎడ్ విన్‌ఫీల్డ్, క్లే స్మిత్, ఎడ్ ఇస్కెండేరియన్, హార్మన్ అండ్ కాలిన్స్, పాట్విన్ వంటి వారు సానపట్టిన క్యామ్‌లు ఇప్పటికీ పాత గ్యారేజీలలోనూ విడిభాగాల సంతలలోనూ బయటపడుతూనే ఉన్నాయి.

అలాంటి క్యామ్ చేతికి వచ్చినప్పుడు దాని చివర చెక్కిన పేరును బట్టి విలువ కట్టకూడదు. ఆనాటి ప్రకటనలలో కనిపించే సెమీ రేస్, త్రీ క్వార్టర్ రేస్, ఫుల్ రేస్ అనే మాటలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒకరి త్రీ క్వార్టర్ మరొకరి ఫుల్ రేస్‌తో సమానం కావచ్చు. పైగా డెబ్బై ఏళ్ల కాలంలో ఆ క్యామ్‌ను మరెవరైనా మళ్లీ సానపట్టి ఉండవచ్చు; అప్పుడు పేరు పాతవారిదే మిగిలి, లోబ్ (వాల్వును లేపే ఉబ్బు) ఆకారం మాత్రం వేరొకరిదై ఉంటుంది. అందుచేత కొలిచిన తరువాతే నమ్మాలి. ఈ వ్యాసంలో సగం కొలతలకే కేటాయించడానికి కారణం అదే.

ఫ్లాట్‌హెడ్ క్యామ్ ఎందుకు వేరు?

ఈ ఇంజనులో వాల్వులు హెడ్‌లో కాక బ్లాకులోనే, సిలిండర్ల పక్కన నిలబడి ఉంటాయి. క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు సరిగ్గా పైన, రెండు సిలిండర్ వరుసల నడుమ, మూడు బేరింగుల మీద తిరుగుతుంది. లోబ్ ట్యాపెట్‌ను, ట్యాపెట్ నేరుగా వాల్వును పైకి తోస్తాయి. మధ్యలో రాకర్ ఆర్మ్ లేదు కనుక లోబ్ ఎత్తు ఎంతో వాల్వు లేచేదీ అంతే, అందులోంచి ట్యాపెట్ క్లియరెన్స్ (ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య ఉంచే ఖాళీ) తీసివేయాలి. ఉదాహరణకు లోబ్ లిఫ్ట్ 0.330 అంగుళం, క్లియరెన్స్ 0.014 అంగుళం అయితే వాల్వు నిజంగా లేచేది 0.316 అంగుళం మాత్రమే.

వాల్వు ఎంత ఎక్కువ లేస్తే అంత మంచిదన్న సూత్రం ఇక్కడ కొంతవరకే పనిచేస్తుంది. వాల్వు పైకి లేచి హెడ్‌లోని గుంతలోకి వెళుతుంది. ఆ తరువాత గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం వాల్వు మీదుగా పక్కకు తిరిగి, ఇరుకైన దారిలో సిలిండర్‌లోకి పోవాలి. లిఫ్ట్ కోసం ఆ గుంతను లోతు చేస్తే కంప్రెషన్ తగ్గుతుంది, కంప్రెషన్ కోసం గుంతను ఇరుకు చేస్తే ఎంత లిఫ్ట్ ఇచ్చినా మిశ్రమం సాఫీగా లోపలికి పోదు. దీనికి తోడు ప్రతి వరుసలోనూ నడిమి రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ బ్లాకు లోపలే కలిసి ఒకే రంధ్రం గుండా బయటికి వస్తుంది. ఈ పరిమితుల మధ్య రోడ్డు మీద తిరిగే బండికి మధ్యస్థమైన క్యామే సరైనదని నా అభిప్రాయం. పెద్ద క్యామ్ వేసిన ఇంజను ఉప్పునేల మీద గట్టిగా పరుగెత్తవచ్చు గాని, ఊరి కూడలిలో ఆగినప్పుడు అదే ఇంజను వణుకుతూ, పొగలు కక్కుతూ, వేడెక్కుతూ యజమానికి తలనొప్పి తెస్తుంది. ఇంజను వాక్యూమ్ (గాలిని పీల్చే బలం) తగ్గి, దానితో నడిచే పాత వైపర్లు వర్షంలో మొరాయించడం దీనికి అదనం.

బల్ల మీద చేయవలసిన పరీక్ష

మొదట క్యామ్‌ను కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, మంచి వెలుతురులో చూడాలి. లోబ్ ముక్కు (ఎత్తైన కొన) మీద గుంటలు, చారలు, చెక్కుకుపోయిన జాడలు ఉంటే ఆ క్యామ్‌ను అలాగే వాడకూడదు. వెనుక వైపు ఆయిల్ పంపును తిప్పే గేరు పళ్లనూ, ఫ్యూయల్ పంపు కడ్డీని తోసే ఎక్సెంట్రిక్‌నూ విధిగా చూడాలి. లోబ్‌ల ధ్యాసలో పడి చాలామంది వీటిని మరిచిపోతారు. పగుళ్ల కోసం మెషీన్ షాపులో అయస్కాంత పరీక్ష చేయించడం మేలు.

ముందు చివరను చూస్తే అది ఏ కాలపు ఇంజనుకు సరిపోతుందో కొంత తెలుస్తుంది. 1948 వరకు వచ్చిన ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ ముందు భాగంలో ఉండి క్యామ్ చివరి గాడి ద్వారా నేరుగా తిరిగేది, 1949 నుంచి వచ్చిన 8బిఏ రకంలో అది వేరే గేరు ద్వారా తిరుగుతుంది. టైమింగ్ గేరును కొన్ని క్యామ్‌లకు ప్రెస్ చేసి బిగించారు, మరికొన్నింటికి నాలుగు బోల్టులతో బిగించారు. క్యామ్ గేరూ క్రాంక్ గేరూ జోడీగా కుదరాలి కనుక ఈ సంగతి కొనేముందే తేల్చుకోవాలి.

తరువాత క్యామ్‌ను వి బ్లాకుల మీద పెట్టి, నడిమి జర్నల్‌కు (బేరింగులో తిరిగే భాగానికి) డయల్ గేజి ఆనించి నెమ్మదిగా తిప్పాలి. సూది 0.002 అంగుళం (0.05 మి.మీ.) కంటే ఎక్కువ ఊగితే షాఫ్ట్ వంగి ఉందని అర్థం, దానిని నిటారు చేయడం అనుభవజ్ఞుల పని.

ఇక లోబ్‌లు. మైక్రోమీటరుతో ముక్కు నుంచి మడమ (ముక్కుకు ఎదురుగా ఉన్న గుండ్రని వైపు) వరకు కొలిచి, దానిలోంచి అడ్డంగా కొలిచిన వెడల్పును తీసివేస్తే లిఫ్ట్ వస్తుందని చాలా చోట్ల చెబుతారు. మామూలు క్యామ్‌కు ఆ పద్ధతి సరిపోతుంది గాని, వాల్వును ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసింగ్ క్యామ్‌లో అడ్డంగా కొలిచిన చోట కూడా లోబ్ అంచు కొంత పైకి లేచి ఉంటుంది, అందువల్ల లిఫ్ట్ తక్కువగా కనిపిస్తుంది. కనుక డయల్ గేజినే లోబ్ మడమ మీద సున్నాకు పెట్టి, షాఫ్ట్‌ను పూర్తిగా ఒక చుట్టు తిప్పి అత్యధిక రీడింగును రాసుకోవాలి. పదహారు లోబ్‌లనూ ఇలాగే కొలవాలి. ఇన్‌టేక్ లోబ్‌లన్నీ తమలో తాము, ఎగ్జాస్ట్ లోబ్‌లన్నీ తమలో తాము దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి రెండు లోబ్‌లు మాత్రమే తక్కువ చూపితే అవి అరిగిపోయినట్లే.

పాత రేసింగ్ క్యామ్‌లలో ఎక్కువ భాగం కంపెనీ క్యామ్‌నే తిరిగి సానపట్టి చేసినవి. లోబ్ ముక్కుకు లోహం కలపకుండా మడమ వైపు తగ్గించి లిఫ్ట్ పెంచుతారు కాబట్టి బేస్ సర్కిల్ (మడమ వైపు వృత్తం) చిన్నదవుతుంది, ట్యాపెట్ కిందికి దిగుతుంది, వాల్వుకూ ట్యాపెట్‌కూ మధ్య పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఫోర్డ్ కంపెనీ ట్యాపెట్లకు సర్దుబాటు స్క్రూ లేదు. వాల్వు కాడ కొనను అరగదీసి క్లియరెన్స్ సరిచేయడమే వాటి పద్ధతి. అరగదీస్తే ఖాళీ పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుచేత ఇలాంటి క్యామ్‌కు స్క్రూ ఉన్న ట్యాపెట్లు తప్పనిసరి.

చేర్చవలసిన ఇతర భాగాలు

కొత్తగా సానపట్టిన లోబ్ మీద పాత ట్యాపెట్ ఎప్పుడూ పెట్టకూడదు. ట్యాపెట్ కొత్తదైనా కావాలి, ముఖాన్ని మళ్లీ సానపట్టినదైనా కావాలి. అరుగుదల లేని పాత క్యామ్‌తో దాని సొంత ట్యాపెట్లే దొరికితే, ఏ ట్యాపెట్ ఏ లోబ్ మీద తిరిగిందో నిశ్చయంగా తెలిసినప్పుడే వాటిని వాడాలి.

కంపెనీ స్ప్రింగులు ఎక్కువ వేగంలో వాల్వును అదుపు చేయలేవు. ఆనాటి హాట్ రాడ్ (వేగం కోసం మార్చిన పాత కారు) కట్టేవారు లింకన్ జెఫిర్ వి12 స్ప్రింగులను వాడేవారు, నేటికీ ఆ రకం స్ప్రింగులు ఎక్కువమందికి సరిపోతాయి. వాల్వు పూర్తిగా లేచినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనకుండా మొత్తం మీద కనీసం 0.060 అంగుళం (1.5 మి.మీ.) మిగలాలి.

8బిఏ ఇంజను యజమానులకు మరొక హెచ్చరిక. అందులోని లోడ్ ఓ మ్యాటిక్ డిస్ట్రిబ్యూటర్ స్పార్కును ముందుకు జరపడానికి కార్బురేటర్ వాక్యూమ్ మీదే ఆధారపడుతుంది. ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే వ్యవధి) ఎక్కువైన క్యామ్, రెండు మూడు కార్బురేటర్లు కలిస్తే ఆ లెక్క చెడిపోతుంది. వేగాన్ని బట్టి బరువుల సాయంతో స్పార్కును జరిపే డిస్ట్రిబ్యూటర్‌కు మారడమే దీనికి మార్గం.

ఇంజనులో దించడం

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, హెడ్‌లు, ముందు కవర్ తీసిన తరువాత వాల్వు, గైడ్, స్ప్రింగులను కలిపి ఒకే కట్టగా పైకి లాగాలి. గైడ్‌ను పట్టి ఉంచే గుర్రపునాడా ఆకారపు క్లిప్పును తీయడానికి దీనికోసమే చేసిన కడ్డీ దొరుకుతుంది. గైడ్ వచ్చేశాక ట్యాపెట్ కూడా అదే రంధ్రం గుండా పైకి వస్తుంది. ఈ దశలోనే బ్లాకులో వాల్వు సీటుకూ సిలిండర్‌కూ మధ్య పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. ఫ్లాట్‌హెడ్‌లకు ఇది పేరుమోసిన జబ్బు. బ్లాకే పనికిరానిదైతే క్యామ్ మీద పెట్టిన ఖర్చు వృథా.

స్క్రూ ట్యాపెట్లు వాడేటప్పుడు, స్క్రూ తిప్పుతుండగా ట్యాపెట్ తిరగకుండా పట్టి ఉంచడానికి వీలుగా ట్యాపెట్ గూళ్లకు చిన్న రంధ్రాలు వేయించడం మంచిది. బ్లాకును కడగకముందే ఈ పని ముగించాలి, లేకపోతే ఇనుపరజను బేరింగులలోకి చేరుతుంది.

జర్నల్‌లకు ఇంజను ఆయిల్, లోబ్‌లకూ ట్యాపెట్ ముఖాలకూ మాలిబ్డినం కలిసిన చిక్కటి లూబ్రికెంట్ పూసి, క్యామ్‌ను ముందు వైపు నుంచి నెమ్మదిగా జరపాలి. ఇంజను స్టాండు మీద ఉంటే ముందు భాగం పైకి వచ్చేలా నిలబెట్టి క్యామ్‌ను నిలువుగా దించితే లోబ్ అంచులు బేరింగులను గీయవు. తరువాత టైమింగ్ గేర్ల గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా కలపాలి.

డిగ్రీలు సరిచూడడం

గుర్తులు కలిసినంత మాత్రాన టైమింగ్ సరిగ్గా ఉందని అనుకోరాదు. క్రాంక్ ముందు డిగ్రీ చక్రం బిగించి, దాని పక్కన తీగతో ఒక ముల్లు అమర్చాలి. పిస్టన్ పైకొనకు చేరే చోట కొద్ది డిగ్రీలు కదలనట్లే ఉంటుంది కనుక కంటితో చూసి దానిని పట్టలేము. ఒకటో సిలిండర్ మీద స్టడ్‌లకు అడ్డంగా పట్టీ బిగించి పిస్టన్‌ను ఆపాలి; క్రాంక్‌ను ఒకవైపు తిప్పి ఆగిన చోటూ, మరోవైపు తిప్పి ఆగిన చోటూ రాసుకుంటే వాటి నడిమి బిందువే అసలు పైకొన. చక్రం మీద సున్నాను అక్కడికి తెచ్చి పట్టీ తీసివేయాలి.

ఇప్పుడు ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ ట్యాపెట్ మీద డయల్ గేజి ఆనించి, క్రాంక్‌ను అది నడిచే దిశలోనే తిప్పుతూ ట్యాపెట్ 0.050 అంగుళం (1.27 మి.మీ.) లేచినప్పటి డిగ్రీనీ, తిరిగి దిగుతూ అదే ఎత్తుకు వచ్చినప్పటి డిగ్రీనీ రాసుకోవాలి. ఈ రెండింటి మధ్య దూరమే డ్యూరేషన్. ఆనాటి తయారీదారులు డ్యూరేషన్‌ను తలా ఒక ఎత్తు దగ్గర కొలిచి ప్రకటించారు కాబట్టి, రెండు పాత క్యామ్‌లను పోల్చాలంటే 0.050 దగ్గర మీరు కొలిచిన అంకెలే ఆధారం. క్యామ్‌తో తయారీదారు ఇచ్చిన కొలతల కార్డు లేకపోతే ప్రతి 5 డిగ్రీలకు ఒకసారి లిఫ్ట్ రాసుకుంటూ పోతే మీ కార్డు మీరే తయారు చేసుకున్నట్లవుతుంది. క్యామ్ క్రాంక్ వేగంలో సగంతోనే తిరుగుతుంది కనుక, బల్ల మీద క్యామ్‌కే చక్రం తగిలించి కొలిచి ఉంటే ఆ డిగ్రీలను రెట్టింపు చేయాలి.

కొలత కార్డుతో కొద్ది డిగ్రీలు తేడా వస్తే, బోల్టు గేరు అయినప్పుడు రంధ్రాలను కొంచెం పొడవుగా చేసి, గేరును జరిపి, కొత్త డోవెల్ పిన్నుతో స్థిరపరచవచ్చు. ఒక పన్ను జరిపి సరిచేయాలని చూడకూడదు. ఒక పన్ను తేడా అంటే అవసరమైన దానికంటే చాలా ఎక్కువ.

హెడ్ బిగించేముందు వాల్వుల మీద మెత్తని మట్టిముద్ద పెట్టి, పాత గ్యాస్కెట్‌తో హెడ్‌ను తాత్కాలికంగా బిగించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, మట్టి మందాన్ని కొలవాలి. వాల్వుకూ హెడ్‌కూ మధ్య కనీసం 0.050 అంగుళం ఉంచడం క్షేమం.

క్లియరెన్స్, మొదటి ఇరవై నిమిషాలు

ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డరు 1-5-4-8-6-3-7-2. ఇందులో 1కి 6, 5కి 3, 4కి 7, 8కి 2 జతలు. ఆరో సిలిండర్‌లో ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకుంటున్నప్పుడు ఒకటో సిలిండర్ వాల్వులు రెండూ లోబ్ మడమ మీద ఉంటాయి. అప్పుడు వాటిని సరిచేయాలి. కంపెనీ క్యామ్ ఉన్న 8బిఏలో ఇన్‌టేక్‌కు 0.010 నుంచి 0.012, ఎగ్జాస్ట్‌కు 0.014 నుంచి 0.016 అంగుళం పెట్టేవారు. రేసింగ్ క్యామ్‌కు దాని కార్డులోని అంకెనే పాటించాలి. వాల్వు గది ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద ఉంటుంది కనుక తరువాత ప్రతి సర్దుబాటుకూ మ్యానిఫోల్డ్ ఊడదీయాలి. అందుకే స్క్రూలు బిగుతుగా తిరుగుతున్నాయో లేదో ఒక్కొక్కటిగా చూసి, వదులుగా ఉన్న ట్యాపెట్‌ను వెంటనే మార్చాలి.

మ్యానిఫోల్డ్ మూసేముందు లోబ్‌ల మీద ఆయిల్ ధారాళంగా పోయాలి. జింక్ ఎక్కువగా ఉన్న ఆయిల్ వాడి, ఇంజను అంటుకున్న క్షణం నుంచే 2000 ఆర్‌పీఎం పైన, వేగాన్ని కొద్దిగా మారుస్తూ ఇరవై నిమిషాలు నడపాలి. లోబ్‌లకు ఆయిల్ అందేది ఎక్కువగా క్రాంక్ చిమ్మే తుంపరల వల్లే, ఐడిల్‌లో ఆ తుంపర చాలదు. అంటుకోని ఇంజనును స్టార్టర్‌తో పదేపదే తిప్పడం కూడా లోబ్‌లకు చెరుపే కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్, కార్బురేటర్‌లో పెట్రోలు, రేడియేటర్‌లో నీళ్లు ముందే సిద్ధం చేసుకోవాలి. నీళ్లు మరిగేలా కనిపిస్తే ఇంజను ఆపి, చల్లారాక మిగిలిన నిమిషాలు పూర్తి చేయాలి.

ఆ తరువాత ఆయిల్, ఫిల్టరు ఉంటే అది కూడా మార్చి, బయటికి తీసిన పాత ఆయిల్‌లో ఇనుపరజను ఉందేమో అయస్కాంతం తిప్పి చూడాలి. కొన్ని వందల మైళ్ల తరువాత మ్యానిఫోల్డ్ తీసి క్లియరెన్స్‌లు మళ్లీ కొలవాలి. అన్నీ కొద్దిగా మారితే తిరిగి సర్దితే చాలు. ఒక్క వాల్వు దగ్గరే ఖాళీ బాగా పెరిగి ఉంటే మాత్రం స్క్రూ తిప్పి సరిపెట్టకుండా, ఆ ట్యాపెట్‌ను బయటికి తీసి ముఖం చూడాలి. అది గుంటపడి ఉంటే దాని కింది లోబ్ కూడా అరగడం మొదలైనట్లే, క్యామ్‌ను దించవలసిందే.